పీహెచ్‌డీకి అప్లై చేసే ముందు ఇవి చూసుకోండబ్బా

ఇంటర్‌డిసిప్లినరీ, అంటే రెండు మూడు సబ్జెక్టులు కలిపి చేసే పీహెచ్‌డీ కదా, ఏ టాపిక్ పెట్టినా ఒప్పుకుంటారు అనుకోవద్దు. ముందు గైడ్ సంగతి చూడండి, అనంతపురం కరువు వలసల మీద హిస్టరీ, ఎకనామిక్స్ కలిపి చేయాలంటే అది తెలిసినోళ్లు ఆ డిపార్ట్‌మెంట్‌లో ఉండాల, పైగా యూజీసీ (యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ) రూల్ ప్రకారం ప్రొఫెసర్‌కి 8 మంది, అసోసియేట్‌కి 6, అసిస్టెంట్‌కి 4 స్కాలర్లే, ఖాళీ ఉందో లేదో మెయిల్ పెట్టి కనుక్కోండి.

ప్రపోజల్‌లో ఊరికే "రాయలసీమ కరువు" అని రాస్తే ఇంటర్వ్యూలో ఉతికేస్తారు. ఏ మండలం, ఏ కాలం, రికార్డులు యాడ దొరుకుతాయి, ఎవర్ని అడుగుతారు, అన్నీ ఉండాల.

యూజీసీ నెట్ పరీక్షలో పీహెచ్‌డీకి మాత్రమే క్వాలిఫై అయ్యుంటే ఆ స్కోరు ఒక్క ఏడాదే చెల్లుతుంది.

పీజీలో 55 శాతం, రిజర్వేషన్ ఉంటే 5 తగ్గుతుంది. ఓబీసీ వాళ్లు సెంట్రల్ యూనివర్సిటీకి సెంట్రల్ ఫార్మాట్ సర్టిఫికెటే పెట్టండి, దానికి ఇప్పుడే తిరగడం మొదలుపెట్టండి.