ముగ్గురి రాక్ బ్యాండ్ పాఠాలు – 4: సోలోలో పాట బోలుపోకుండా

బెర్లిన్ బ్యాండ్ కడావర్ 2013లో తెచ్చిన ‘అబ్రా కడావర్’ను హెడ్‌ఫోన్స్‌లో వినండి. గిటార్, బేస్, డ్రమ్స్, అంతే. మోత మాత్రం 1970ల నాటిది. ఇలాంటి బ్యాండ్ స్టేజీ ఎక్కితే, గిటార్ సోలోకి వెళ్లగానే రిఫ్ (పాటలో తిరిగి తిరిగి వచ్చే చిన్న వరస) పట్టుకోడానికి ఇంకో గిటార్ ఉండదు. ఆ బరువంతా బేస్ మోయాలి.

పోయిన పాఠంలోని ‘ఈ’ (E) స్వరం మీది రిఫ్‌నే తీసుకోండి, మెట్రోనోమ్ నిమిషానికి 76 దెబ్బలు. సోలో మొదలవగానే బేస్ రిఫ్ వదలకూడదు. ‘ఈ’ వచ్చిన ప్రతిచోటా నాలుగో తీగ ఓపెన్‌తో పాటు రెండో తీగ 2వ ఫ్రెట్ కలిపి మీటండి. మధ్యలోని మూడో తీగ మోగకుండా అదే వేలి కొస ఆనించి ఆపాలి. చాలామంది ఇక్కడే తొందరపడి బేస్‌లోనూ సోలో మొదలెడతారు. అప్పుడు వినేవాడికి రెండు సోలోలు దొరుకుతాయి, పాట దొరకదు.

బేస్‌కి ఫజ్ (ధ్వనిని గరగరలాడించే పెడల్) పెడితే అడుగు స్వరం పలచబడుతుంది. పెడల్‌లో బ్లెండ్ నాబ్ (క్లీన్ ధ్వనిని, ఫజ్‌ని కలిపేది) ఉంటే సగానికి తిప్పండి. లేకపోతే రికార్డింగ్‌లో ట్రాక్‌ని కాపీ చేసి, ఒకటి క్లీన్‌గా ఉంచి, రెండోదానికి 200 హెర్ట్జ్ కింద కోసేసి ఫజ్ వేయండి. కలిపాక అడుగు ఇంకా తగ్గితే, ఒక ట్రాక్ పొలారిటీ తిరగేసి (అంటే దాని తరంగాన్ని తలకిందులు చేసి) చూడండి.

గిటారిస్టు సోలోకని ఫజ్ పెంచడం తప్పు. ఫజ్ పెరిగేకొద్దీ మీటు చప్పిడైపోయి గిటార్ వెనక్కి పోతుంది. రిఫ్‌కి గిటార్ వాల్యూమ్ 7, సోలోకి 10. ఫజ్ ఫేస్ రకం పెడల్‌లో 7 దగ్గర ధ్వని తేటపడుతుంది, కానీ గిటార్ నేరుగా దానికే వెళ్లాలి. ముందు బఫర్ (సిగ్నల్‌కి బలమిచ్చే సర్క్యూట్) ఉన్న ట్యూనర్ పెడితే ఆ తేట పోయి గీరుతుంది. ట్యూనర్‌ని తర్వాత పెట్టండి. జర్మేనియం ట్రాన్సిస్టర్లున్న పెడల్‌కి వేడి పడదు: మే నెలలో విజయవాడలో ఏసీ లేని గదిలో ప్రాక్టీసు చేస్తుంటే స్వరం తుంపులు తుంపులుగా తెగిపోవచ్చు. మనకి సిలికాన్‌దే సుఖం.

సోలోలో ఊపిరి తీసుకునే చోట గిటారిస్టు ఆరో తీగ ఓపెన్‌గా ఒక్కసారి కొట్టి మోగనివ్వాలి. డ్రమ్మర్ హై-హ్యాట్ (జంట తాళాలు) వదిలి రైడ్ సింబల్ (పెద్ద పళ్లెం)కి మారాలి, కిక్ (కాలితో కొట్టే డ్రమ్) మాత్రం బేస్‌ని వదలకూడదు.

ఇంటిపని: ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేసి, గిటార్ ఆపేసి బేస్, డ్రమ్స్‌తోనే ఇంకోసారి రికార్డు చేయండి. రెండోది వింటూ రిఫ్ పాడుకోగలిగితే వచ్చే భాగానికి రండి. అందులో నాలుగు మైకులతో డ్రమ్స్ రికార్డింగ్.