ఇంట్లో సైకిల్ ట్రైనర్: ఎంపిక, వాడకం

ట్రైనర్ (సైకిల్‌ను ఒకచోట నిలిపి ఇంట్లోనే తొక్కేందుకు బిగించే పరికరం) కొనేముందు మీ సైకిల్ వెనుక ఇరుసు ఏ రకానిదో చూసుకోవాలి, ఎందుకంటే లివర్‌తో బిగించే సన్నని క్విక్ రిలీజ్‌కూ, ఫ్రేమ్ గుండా దూర్చి బిగించే 12 మిల్లీమీటర్ల త్రూ ఆక్సిల్‌కూ వేర్వేరు అడాప్టర్లు కావాలి. వెనుక టైరును రోలర్‌కు ఆనించి తిప్పే వీల్-ఆన్ రకం చవకే గాని, టైరు త్వరగా అరుగుతుంది, మోత కూడా ఎక్కువ. వెనుక చక్రం తీసేసి చైనును నేరుగా ట్రైనర్ మీది క్యాసెట్‌కు (పళ్ళచక్రాల గుత్తికి) తగిలించే డైరెక్ట్ డ్రైవ్ ఖరీదైనదే అయినా, అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి నా దృష్టిలో అదే మేలు. కార్బన్ ఫ్రేమ్ అయితే ట్రైనర్ వాడకం గురించిన వారంటీ షరతులు ముందే చదవాలి.

కింద రబ్బరు చాప పరచి, ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెట్టుకోవాలి (సీలింగ్ ఫ్యాన్ చాలదు). గదిలో ఎదురుగాలి ఉండదు కనుక చెమట సరిగా ఆరక ఒంటి వేడి పెరుగుతుంది. దానితో కాళ్ళలో సత్తువ మిగిలి ఉన్నా గుండె వేగం హెచ్చి, వ్యాయామం మధ్యలోనే ఆపవలసి వస్తుంది. చెమటలోని ఉప్పు హెడ్‌సెట్‌ను (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులను), బోల్టులను తుప్పు పట్టిస్తుంది కాబట్టి హ్యాండిల్‌బార్‌పై తువ్వాలు కప్పాలి.

వీల్-ఆన్ ట్రైనర్‌ను పది నిమిషాలు తొక్కి, టైరు వేడెక్కిన తరువాతే క్యాలిబ్రేట్ చేయాలి (కొలతను సరిచూసుకోవాలి). పవర్ కొలిచే ట్రైనర్ అయితే, 20 నిమిషాలు శక్తికొద్దీ తొక్కినప్పుడు వచ్చిన సగటు వాట్లలో 95 శాతాన్ని మీ ఎఫ్‌టీపీగా (సుమారు గంటసేపు నిలకడగా తొక్కగల గరిష్ఠ శక్తిగా) తీసుకొని, అందులో 90 శాతం దగ్గర పదేసి నిమిషాల చొప్పున రెండు విడతలు, నడుమ ఐదు నిమిషాల విరామంతో తొక్కడం మొదలుపెట్టవచ్చు.