కట్టెల పొయ్యి పొగ చిమ్మకుండా ఉండాలంటే

కోనసీమ ఇళ్లలో వానాకాలం కట్టెల పొయ్యి పొగ చిమ్మడానికి ముఖ్య కారణం కట్టెలోని తేమ. పొగ అంటే సరిగా మండకుండా వృథాగా పోతున్న కట్టే కాబట్టి, సరుగుడు కట్టెను నిలువునా చీల్చి, నేలకు తగలకుండా ఇటుకల మీద పేర్చి, గాలి ఆడే చూరు కింద కొన్ని నెలలు ఆరనిచ్చి, తేమ 20 శాతం లోపుకు దిగిన తరువాతే పొయ్యిలో పెట్టాలి. బాగా ఆరిన కట్టె చివర సన్నని పగుళ్లు కనిపిస్తాయి, రెండు ముక్కలను తట్టి చూస్తే ఖంగుమంటాయి. కొబ్బరి డొక్కల విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే పైకి ఎండినట్టే ఉన్నా లోపలి పీచు వాననీటిని పట్టి ఉంచుతుంది.

పొయ్యి నోటినిండా కట్టెలు కుక్కితే గాలి అందక ఎండుకట్టె కూడా పొగే ఇస్తుంది. మంట రాజుకోలేదని కిరోసిన్ మాత్రం ఎన్నడూ పోయకూడదు.

వంటయ్యాక బూడిదలో నిప్పు మరునాటి వరకూ దాగి ఉండవచ్చు, అందుచేత దానిని తాటాకు పాకకూ కొబ్బరిపీచు కుప్పకూ దూరంగా, మూత ఉన్న ఇనుప డబ్బాలో ఉంచాలి. చలిగా ఉందని ఆ నిప్పులను తలుపులు మూసిన గదిలోకి తీసుకువెళ్లవద్దు, వాటి నుంచి వెలువడే విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.