చేతులు కడుక్కునే 40 సెకన్లు

ఐసీయూలో స్టాఫ్ నర్సుగా నాకిది 14వ ఏడు. ఇన్నేళ్లలో ధ్యానం మీద క్లాసులు చాలానే విన్నాను. "తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ప్రశాంతమైన గదిలో కూర్చోండి" అని చెప్పేవాళ్లు. వెనక వరసలో కూర్చున్న మాకు నవ్వాగేది కాదు. ఆ టైముకి మేం బ్లడ్ శాంపిల్స్ తీస్తూ ఉంటాం.

ఓ నైట్ డ్యూటీలో ఆరో బెడ్ పేషెంట్ పోయాడు. చాలాసేపు సీపీఆర్ చేశాం, నిలవలేదు. గ్లవ్స్ తీసేసి నేరుగా నాలుగో బెడ్ దగ్గరికి వెళ్లాను. అక్కడున్న పెద్దాయన "అమ్మా, కాసిన్ని నీళ్లు" అన్నాడు. నోటితో ఏమీ ఇవ్వకూడదు. "ఎన్నిసార్లు చెప్పాలి మీకు?" అని కసిరేశాను. నిజానికి ఆయన అడగడం అదే మొదటిసారి. ఆరో బెడ్‌ని మోసుకుంటూ నాలుగో బెడ్ దగ్గరికి వెళ్లానని ఇంటికి పోయాక తట్టింది.

అప్పట్నుంచి నా ధ్యానం సింకు దగ్గరే. ఎలాగూ ఒక పేషెంట్ నుంచి ఇంకో పేషెంట్ దగ్గరికి వెళ్లే ముందు చేతులు శుభ్రం చేసుకోవాల్సిందే. సబ్బు నీళ్లతో అయితే 40 నుంచి 60 సెకన్లు, హ్యాండ్ రబ్‌తో (నీళ్లక్కర్లేని శానిటైజర్) అయితే 20 నుంచి 30 సెకన్లు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పోస్టర్ సింకు పైనే ఉంటుంది. కొత్తగా టైము వెతుక్కోనక్కర్లేదు, ఉన్నదాన్ని దొంగిలించకుండా ఉంటే చాలు.

కుళాయి తిప్పగానే నీళ్లు చల్లగా ఉన్నాయా, గోరువెచ్చగా ఉన్నాయా చూడండి. అరచేయి, చేతుల వెనక, వేళ్ల సందులు, బొటనవేళ్లు, గోళ్ల కొసలు... ఏ స్టెప్పులో ఉంటే మనసు ఆ వేళ్ల మీదే. అది ఉండదు, ఆరో బెడ్ దగ్గరికి పారిపోతుంది. "ఆరో బెడ్" అని లోపలే ఒక్కసారి అనుకుని మళ్లీ బొటనవేలి దగ్గరికి రండి. నాలుగుసార్లు పోతే నాలుగుసార్లు తెచ్చుకోండి, తిట్టుకోవద్దు. చేతులు తుడుచుకుంటూ ఒక శ్వాస మెల్లగా వదిలి, వెళ్లబోయే పేషెంట్ పేరు గుర్తుచేసుకోండి. బెడ్ నంబరు కాదు, పేరు. ఎమర్జెన్సీలో ఇవేవీ పెట్టుకోకండి. చేతులు శుభ్రం చేసుకుని పరుగెత్తడమే.

రెండోది డ్యూటీ దిగాక, డ్రెస్ మార్చుకునే గదిలో. సెకనుకో అంకె చొప్పున 4 లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, 6 లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి 6 శ్వాసలొస్తాయి, 5 నిమిషాలు చాలు. గుండెల నిండా లాగకండి, తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. హైపర్‌వెంటిలేషన్, అంటే అవసరానికి మించి శ్వాస తీస్తే ఏమవుతుందో నర్సులం మనకు వేరే చెప్పాలా? నమ్మకం కుదరకపోతే వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టుకోండి. పీల్చేటప్పుడు పల్స్ కాస్త పెరిగి వదిలేటప్పుడు తగ్గుతుంది, అది మెదడు నుంచి గుండెకు వెళ్లి దాని వేగాన్ని తగ్గించే వేగస్ నాడి పని. అందరిలో ఒకేలా కనిపించదు, అంకె కూడా కొంచెం ఆలస్యంగా మారుతుంది. నాకు మాత్రం అది చూశాకే గురి కుదిరింది.

ఇంకా లోతుగా నేర్చుకోవాలంటే 10 రోజుల విపశ్యన ధ్యానం కోర్సుంది. హైదరాబాద్‌లో, నాగార్జునసాగర్‌లో కేంద్రాలున్నాయి. ఫీజు లేదు, ఫోన్ అప్పగించాలి, మాటల్లేవు, తెల్లవారుజామున 4 గంటలకే గంట కొడతారు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర శ్వాసను గమనించడమే పని. రెండో రోజు మోకాళ్ల నొప్పికి నేను బ్యాగు సర్దేసుకున్నాను కూడా. అయినా అన్నిటికంటే కష్టం అన్ని రోజులు సెలవు సంపాదించడమే!

కళ్లు మూస్తే పోయిన పేషెంట్ల మొహాలే వస్తుంటే మూయకండి. కళ్లు తెరిచే ఉంచి పాదాలు నేలకు ఆనడం గమనించండి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, డ్యూటీకి వెళ్లాలంటేనే ఏడుపొస్తున్నా ధ్యానంతో సరిపెట్టుకోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇంకో మాట. ఒక్కో సిస్టర్‌కి ఐదేసి వెంటిలేటర్ పేషెంట్లను అప్పగించి, నెలకోసారి ధ్యానం క్లాసు పెట్టించిన చోట నేనూ పనిచేశాను. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్న్‌అవుట్‌ని, అంటే పనితో పూర్తిగా అలసి విసిగిపోవడాన్ని, పనిచేసే చోటి ఒత్తిడితో ముడిపెట్టింది. శ్వాస నేర్చుకుందాం, ఖాళీ పోస్టులు నింపమనీ అడుగుదాం.

మొదటి వారం ఒక్క సింకు ఎంచుకోండి. నాది మందుల ట్రాలీ పక్కనుండేది. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి వెనక నిలబడి, "అక్కా, ఎంతసేపు కడుగుతారు?" అంది.

"పోస్టర్‌లో ఉన్నంతసేపే" అన్నాను.