ఈఎంజీ నేర్చుకుందాం – 4: ఆరంభం ఎందుకు జరిగిపోయింది?

ఈఎంజీ అంటే కండరం పనిచేసేటప్పుడు పుట్టే విద్యుత్తును నమోదు చేయడం. బీప్ వినగానే మోకాలు చాచి, తొడ కండరం పని మొదలుపెట్టిన క్షణాన్ని, అంటే ఆరంభాన్ని, కంప్యూటర్‌తో కనిపెట్టడం పోయిన పాఠం. అది చేసి మీరు పంపిన గ్రాఫుల్లో చాలావరకు ఒకేచోట తేడా కొట్టాయి. కొందరికి దాదాపు ప్రతిసారీ బీప్ కంటే ముందే కండరం పనిచేసినట్టు వచ్చింది. ఇంకొందరికి మోకాలు కదిలాక గానీ తొడ కండరం మేలుకోనట్టు వచ్చింది. కాలు మనమే చాచినప్పుడు కదలిక కంటే ముందే విద్యుత్తు కనబడి తీరాలి. అందుకే ఈసారి చేయాల్సిన రెండు కండరాల పోలికను వచ్చేసారికి వాయిదా వేస్తున్నాను.

20 నుంచి 450 హెర్ట్జ్ మధ్య భాగం ఉంచుకోవడం, రుణ విలువల్ని ధనం చేయడం మీకు వచ్చు. థ్రెషోల్డ్ (కండరం పనిలో పడిందనడానికి సిగ్నల్ దాటాల్సిన హద్దు) కూడా బాగానే పెట్టారు: విశ్రాంతి సగటుకు మూడు స్టాండర్డ్ డీవియేషన్లు (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) కలిపి, సిగ్నల్ 25 మిల్లీసెకన్లు దానిపైన నిలవాలన్నారు. దాన్ని కదపకండి. చిక్కంతా గీతను నునుపు చేసిన దగ్గరుంది.

నునుపు చేయడానికి ప్రతి క్షణం విలువకు బదులు 100 మిల్లీసెకన్ల సగటు వాడారనుకోండి. నునుపు చేశాక విశ్రాంతి సగటు 4 మైక్రోవోల్టులు, డీవియేషన్ 1.5 అయితే థ్రెషోల్డ్ 8.5. కండరం ఒక్కసారిగా 40కి ఎగిసింది. సగటు 8.5కి చేరాలంటే 36లో 4.5 పెరగాలి, కాబట్టి ఆ 100లో ఎనిమిదో వంతు, అంటే 12.5 మిల్లీసెకన్లు, కొత్త సిగ్నల్ ఉండాలి. గడిచిన 100నే సగటు చేస్తే ఆరంభం 12.5 ఆలస్యం. అటూ ఇటూ 50 చొప్పున తీస్తే రాబోయే 50 కూడా లెక్కలో చేరిపోతుంది కాబట్టి, ఆరంభం 37.5 ముందే వచ్చేస్తుంది!

పోనీ 12.5 తీసేద్దామా? కుదరదు. అదే కండరం 15 వరకే లేస్తే ఆలస్యం 41 అవుతుంది. ఈ 28 మిల్లీసెకన్ల తేడా పూర్తిగా మీ సగటు పుట్టించినదే. ఆపరేషన్ అయిన కాలిలో సిగ్నల్ చిన్నగా ఉంటే, ఆ కండరం ఆలస్యంగా స్పందిస్తోందని రాసేస్తారు. అది నమ్మి ఎవరో ఒకరి వ్యాయామం మార్చేస్తారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. సగటుకు బదులు సిగ్నల్ మీద ముందుకోసారి, వెనక్కోసారి నడిపి నునుపు చేసే ఫిల్టర్‌కు ఆలస్యం ఉండదని మురిసిపోకండి. శిఖరం కదలకపోవచ్చు, ఆరంభం మాత్రం అసలు సమయం కంటే ముందుకు జరుగుతుంది.

నేనైతే 50 హెర్ట్జ్ లో-పాస్‌ను (అంతకంటే వేగంగా మారే భాగాన్ని తగ్గించే ఫిల్టర్‌ను) ఒకే దిశలో నడుపుతాను. రెండో ఆర్డర్ బటర్‌వర్త్ రకమైతే ఆలస్యం సుమారు 4, 5 మిల్లీసెకన్లే. గీత గరుకుగా ఉంటుంది, ఉండనివ్వండి. విశ్రాంతి సగటు, డీవియేషన్ మాత్రం ఈ ఫిల్టర్ అయ్యాకే లెక్కగట్టాలి.

అభ్యాసం: 40 ప్రయత్నాల ముడి గ్రాఫుల్లో బీప్ గుర్తు దాచి, ఆరంభాన్ని కంటితో గుర్తించండి. మర్నాడు వరస మార్చి మళ్లీ గుర్తించండి. మీ రెండు గుర్తుల మధ్య 10 మిల్లీసెకన్లు దాటినవి పక్కన పెట్టి, మిగతావాటినే కంప్యూటర్ జవాబుతో పోల్చండి. ఆ తేడాను సిగ్నల్ ఎత్తుకు ఎదురుగా గ్రాఫ్ గీయండి. ఎత్తుతో పాటు తేడా మారుతోందంటే ఫిల్టర్ దగ్గర పని ఇంకా మిగిలే ఉంది.