బైబిల్ నెమ్మదిగా చదవడం – 4వ పాఠం: ఆ పని చేసింది ఎవరు?

పోయిన పాఠంలో అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చదివి, ఫిలిప్పీ గురించి కనిపించినవన్నీ రాసుకోమన్నాను. మీ కాగితం మీద కనీసం ఇవి ఉండాలి: అది మాసిదోనియలో రోమీయుల వలస పట్టణం, అక్కడివాళ్లు తాము రోమీయులమని గట్టిగా చెప్పుకుంటారు, పౌలునూ సీలనూ విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి చెరసాలలో వేశారు. దీనికి ఇంకొకటి చేర్చుకోండి. క్రీ.పూ. 42లో ఆ ఊరి దగ్గర జరిగిన యుద్ధం తర్వాత, సైన్యం నుంచి విడుదలైన రోమా సైనికులను అక్కడే స్థిరపరిచారు. కాబట్టి ఆ ఊళ్లో పౌరసత్వానికీ హోదాకీ చాలా విలువ. కాగితం పక్కనే ఉంచుకోండి, ఈ రోజు దానితో పని ఉంది.

ఇవాళ నేర్చుకునేది ఒక్కటే. చదివే భాగంలోని క్రియలను ఏరి, ఒక్కోదాని ఎదురుగా ఆ పని చేసింది ఎవరో రాయడం. వినడానికి చిన్న పనే. కానీ బాగా తెలిసిన వాక్యాలను మనం కళ్లతో దాటేస్తాం. ఈ పని చేస్తే దాటేయలేం.

ఫిలిప్పీ పత్రిక, అంటే పౌలు ఆ ఊరి సంఘానికి రాసిన ఉత్తరం, 2వ అధ్యాయం, 6 నుంచి 11 వచనాలు తీయండి. ఇది పౌలు రాయకముందే సంఘాల్లో ఉన్న కీర్తన అయి ఉండొచ్చని చాలామంది పండితుల అభిప్రాయం. ముందు ఒకసారి పెన్సిల్ ముట్టుకోకుండా బయటికి చదవండి. రెండోసారి క్రియల కింద గీత గీయండి.

6 నుంచి 8 వరకు మీకు దొరికేవి ఇవి: ఎంచుకొనలేదు, పుట్టి, ధరించుకొని, రిక్తునిగా చేసికొనెను (అంటే ఖాళీ చేసుకున్నాడు), విధేయత చూపినవాడై, తగ్గించుకొనెను. వీటి ఎదురుగా కర్త ఎవరో రాయండి. అన్నిటికీ ఒకే పేరు వస్తుంది, క్రీస్తు. ఆయన్ని ఎవరో కిందికి తోసినట్టు ఒక్క మాట కూడా లేదు. "తన్ను తానే" అని ఒకసారి, "తన్ను తాను" అని ఇంకోసారి వాక్యమే నొక్కి చెబుతుంది.

ఇప్పుడు 9 నుంచి 11. ఇక్కడ జాగ్రత్త. మన పాత తెలుగు బైబిల్లో ఈ వాక్యం చాలా పొడుగు, అసలు కర్త చివర్లో గానీ కనిపించడు. ఓపిగ్గా చివరిదాకా వెళ్తే "దేవుడు" దొరుకుతాడు. హెచ్చించింది దేవుడు, నామం అనుగ్రహించింది దేవుడు. మోకాళ్లు వంగేది, నాలుకలు ఒప్పుకునేది అందరివీ. ఈ మూడు వచనాల్లో క్రీస్తు తనకోసం తాను చేసుకున్న పని ఒక్కటీ లేదు. దిగడం ఆయన చేశాడు, ఎత్తడం దేవుడు చేశాడు. ఈ భాగం ఇరుసు ఇక్కడే ఉంది. మీ నోట్సులో ఈ రెంటి మధ్య ఒక అడ్డగీత గీయండి.

ఇప్పుడు ఫిలిప్పీ కాగితం చూడండి. సిలువ రోమీయులు ముఖ్యంగా బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే శిక్ష. సాధారణంగా రోమా పౌరుడికి వేసేది కాదు. పౌరసత్వం చూసుకుని తలెత్తుకు తిరిగే ఊళ్లో "దాసుని స్వరూపము", "సిలువమరణము" అని బయటికి చదువుతుంటే ఆ గదిలో కూర్చున్నవాళ్లకు ఎలా ఉండి ఉంటుందో ఒక నిమిషం ఆలోచించండి. పైగా ఆ ఉత్తరం మొదటి వరసలోనే పౌలు తననూ తిమోతినీ క్రీస్తుయేసు దాసులని పరిచయం చేస్తాడు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మన ఇళ్లల్లో, కొన్ని సంఘాల్లో కూడా "తగ్గించుకో" అనే మాట ఎప్పుడూ కిందున్నవాళ్లకే వినిపిస్తుంది: కోడలికి, పనిమనిషికి, ఎదురు మాట్లాడిన కుర్రాడికి. మీరు ఇప్పుడే రాసిన కర్తల పట్టిక దానికి ఒప్పుకోదు. ఇక్కడ దిగింది దేవునితో సమానంగా ఉన్నవాడు, దిగింది తనంతట తాను. ఇంకొకరిని వంచడానికి ఈ వచనాలు వాడితే కర్తను మార్చేసినట్టే. అదే ఊళ్లో పౌలు ఏం చేశాడో అపొస్తలుల కార్యములు 16:37లో మళ్లీ చూడండి. న్యాయాధికారులు గుట్టుగా పంపించేద్దామనుకుంటే ఒప్పుకోలేదు. రోమీయులమైన మమ్మల్ని విచారించకుండా బహిరంగంగా కొట్టించారు, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. ఆ మాట అన్నవాడే ఈ వినయ గీతాన్ని రాసి పంపాడు. రెండూ కలిపి చదవాలి.

ఈ వారం అభ్యాసం. అదే పత్రిక 2:25–30లో ఎపఫ్రొదితు గురించి ఉంది. క్రియలు ఏరి కర్తలు రాయండి. అతను ఎవరికోసం చావుకు దగ్గరయ్యాడో గమనించండి. తర్వాత 3:4–8లో పౌలు తన పుట్టుక, చదువు, నిష్ఠ అన్నీ లెక్కపెట్టి వాటిని ఏమని "ఎంచుకున్నాడో" చూసి, 2:3, 2:6 పక్కన పెట్టండి. ఆఖరున 4:2. యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీల పేర్లు అక్కడున్నాయి. పౌలు వాళ్లను ఏమని బతిమాలుతున్నాడు? దానికీ 2:2కీ సంబంధం మీ మాటల్లో రెండు వాక్యాలు రాయండి.

5వ పాఠంలో కొరింథుకు వెళ్దాం. సుమారు క్రీ.శ. 96లో రోమా సంఘం అక్కడికి పంపిన ఉత్తరం ఒకటుంది, దాన్ని ఆ రోమా సంఘపు పెద్ద క్లెమెంతు రాశాడని సంప్రదాయం. పెద్దలను పదవుల్లోంచి తీసేసిన గొడవ మధ్య, 16వ అధ్యాయంలో క్రీస్తు వినయాన్ని ముందు పెట్టి యెషయా 53 మొత్తం ఎత్తి రాశారు. వచ్చేలోపు యెషయా 53 ఒకసారి చదివి ఉంచండి, పెన్సిల్‌తో.