గుర్తులు లేని పాత చెకుముకి తుపాకిని గుర్తించడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పాత లోగిళ్లలో అటక మీదనో, దేవుడి గదిలోనో చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే పొడవాటి తుపాకి ఒకటి బయటపడితే, ఇంటివారు మొదట దాని మీద పేరు కోసమో, కిరీటం గుర్తు కోసమో వెదకుతారు. ఏమీ కనబడకపోతే అది బొబ్బిలి యుద్ధం నాటిదని నిర్ణయించుకుంటారు. ఏటా ఆయుధపూజకు ఇటుకపొడితోనూ చింతపండుతోనూ తోమిన ఇనుము మీద గుర్తులు అరిగిపోవడం సహజమే కనుక, వాటిని నమ్ముకోకుండా తుపాకి నిర్మాణాన్నే చదవడం నేర్చుకోవాలి.

అన్నింటికంటే ముందు అది మందు దట్టించి ఉందేమో చూడాలి, ఎందుకంటే తరాల కిందట నింపిన తుపాకి మందు నేటికీ అంటుకోగలదు. గొట్టం మూతి ఎవరి వైపూ లేకుండా, మీ ముఖానికి కూడా ఎదురుగా రాకుండా పెట్టి, సన్నని కర్రపుల్లను లోపలికి పోయినంత మేర దింపి గుర్తు పెట్టుకొని, తరువాత ఆ పుల్లను గొట్టం పక్కన పెట్టి కొలవండి. పుల్ల కొస రంజకపు రంధ్రం (గొట్టం వెనుక కొసన, లోపలి మందుకు నిప్పు చేరే చిన్న రంధ్రం) దాకా చేరకుండా కొన్ని అంగుళాల ముందే ఆగిపోతే లోపల మందూ గుండూ ఉన్నాయని భావించి, తుపాకిని అక్కడే వదిలి పోలీసులకు తెలియజేయాలి. గొట్టంలోకి నోటితో ఊదవద్దు, గుర్రాన్ని (చెకుముకి రాయిని పట్టుకొని ముందుకు కొట్టే భాగాన్ని) ఎత్తి విడవవద్దు.

తరువాత టేపుతో గొట్టం పొడవును, మూతి లోపలి వ్యాసాన్ని కొలవాలి. సుమారు 39 అంగుళాల గొట్టం, దాదాపు 19 మిల్లీమీటర్ల వ్యాసం, ఇత్తడి అమరికలు, కర్రలో అడ్డంగా దూర్చిన సన్నని చీలలతో బిగించిన గొట్టం కనబడితే, అది ఈస్టిండియా కంపెనీ సిపాయిలు మోసిన ‘ఇండియా ప్యాటర్న్’ తరహా మస్కెట్ (సైనికుల పొడవాటి తుపాకి) కావచ్చు. చీలలకు బదులు గొట్టాన్నీ కర్రనూ కలిపి మూడు లోహపు పట్టీలు చుట్టి ఉండి, గొట్టం 45 అంగుళాలకు దగ్గరగా, వ్యాసం 17.5 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటే ఫ్రెంచి పద్ధతి వైపు చూడాలి. ఉత్తర సర్కారులు 1753లో ఫ్రెంచివారి చేతికి, 1760 దశకంలో ఇంగ్లీషు కంపెనీకి దక్కాయి కనుక మన ప్రాంతంలో రెండు జాతుల తుపాకులూ దొరకడంలో వింత లేదు. అయితే గొట్టాన్నీ కర్రనూ కోసి పొట్టి చేసిన తుపాకులు చాలా ఉంటాయి. అందుకే ఒక్క కొలతతో తీర్పు చెప్పకూడదు.

అసలు కథ చెప్పేది లాకు, అంటే మందును అంటించే యంత్రభాగం. చెకుముకి రాయిని పట్టుకునే గుర్రం మెడ హంస మెడలా సన్నగా వంగి ఉంటే అది పాత రూపం. మెడ మధ్య రంధ్రం వదిలి బలంగా చేసి ఉంటే, ఇండియా ప్యాటర్న్ విషయంలో అది సుమారు 1809 తరువాతి రూపం. బొబ్బిలి యుద్ధం జరిగింది 1757 జనవరి 24న. కాబట్టి లాకు తరువాత మార్చినది కాకపోతే, అటువంటి గుర్రం ఉన్న తుపాకి ఆ యుద్ధం చూసి ఉండదు. ఇంట్లో పెద్దలు చెప్పిన మాటను కాదనడం నాకూ కష్టంగానే ఉంటుంది, కానీ ఇనుము చెప్పేదాన్నే నమోదు చేయాలి. రంజకపు పళ్లెం (అంటించే మందు పోసే చిన్న గిన్నె) ఉండవలసిన చోట పూడ్చిన మర రంధ్రాలు కనబడి, గొట్టం పక్కన చిన్న ఇనుప మొటిమ లాంటిది ఉంటే, అది 1840 ప్రాంతం తరువాత టోపీ తుపాకిగా (రాయికి బదులు చిన్న లోహపు టోపీ మీద కొట్టి పేల్చేదిగా) మార్చిన చెకుముకి తుపాకి.

లాకు పలక మీదా, కర్ర మీదా టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. కంపెనీ తొలుత వాడిన, నాలుగు గడులుగా విడిపోయిన హృదయాకారమో, 1808 నుంచి వాడిన నిలబడిన సింహమో నీడగా తేలవచ్చు. కర్ర సన్నగా, తిన్నగా ఉండి, పళ్లెం గొట్టంతోనే కలిసి ఉంటే అది తొలుత జామగి తుపాకిగా (నిప్పంటించిన వత్తితో పేల్చేదిగా) పుట్టి, తరువాత చెకుముకి లాకు తగిలించుకున్న దేశీయ తుపాకి కావచ్చు. ఇటీవలి నకళ్లలో మరలన్నీ ఒకే అచ్చుగా ఉంటాయి, రంజకపు రంధ్రం తొలవకుండా వదిలేసి ఉంటుంది, గొట్టం మామూలు అతుకు లేని పైపే. పాత గొట్టాలు ఇనుప పలకను చుట్టి కొలిమిలో అతికినవి కనుక, కొన్నిటి అడుగున ఆ అతుకు జాడ నేటికీ కనబడుతుంది.

గుర్తించే వరకు తోమడం, నూనె పూయడం, రంగు వేయడం పూర్తిగా ఆపండి. అన్ని వైపులా ఫోటోలు తీసి, కొలతలు రాసి పెట్టుకోండి. 1959 ఆయుధాల చట్టం పాతకాలపు తుపాకికి మినహాయింపు ఇచ్చేది, మరమ్మతు చేసినా చేయకపోయినా పేలని స్థితిలో ఉంటేనే. అందువల్ల లైసెన్సు లేకుండా దాచుకోకుండా పోలీసు స్టేషనులో వివరం అడగడం మంచిది. నూరేళ్లు దాటిన తుపాకి 1972 పురావస్తు చట్టం పరిధిలోకి కూడా రావచ్చు, అప్పుడు దాన్ని విదేశాలకు పంపడం నేరం.